చెడుగుడుకు ఒక బంతి

ప్రపంచంలోని ఆటలన్నీ రెండే రకాలు: బంతి ఉన్నవి, గుర్తింపు లేనివి. ఈ సత్యాన్ని కనుగొన్న ఘనత కోయంబత్తూరు అలమేలు విలాస్ నూలు మిల్లు వెల్ఫేర్ ఆఫీసరు అళగిరిసామి నాయుడు గారిది. ఆయన దాన్ని టైపు కొట్టించి, సంతకం పెట్టి, క్యాంటీను గోడకు అంటించేదాకా మానవజాతి ఆ సంగతి తెలియకుండానే వేల ఏళ్లు ఆడుకుంటూ వచ్చింది. (మానవజాతికి టైపిస్టు లేడు.)

ఆ కాగితం వల్ల మానవజాతిలో మొట్టమొదట చిక్కుల్లో పడ్డవాడు యేసుదాస్.

యేసుదాస్ మిల్లులో మైకు మనిషి. అంతకుముందు దూదిని దువ్వే కార్డింగు సెక్షనులో పనిచేసేవాడు. అక్కడ గాలిలో ఎగిరే దూది నుసి కొంచెం కొంచెంగా అతని రొమ్ములో చేరి, మనిషి నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసపడే స్థితికి వచ్చాడు. డాక్టరు చూసి, ఇతన్ని దూదికి దూరంగా ఉంచండి అన్నాడు. నూలు మిల్లులో దూదికి దూరంగా ఉండే చోటు మైకు గది ఒక్కటే. (డైరెక్టరు గది ఇంకా దూరం. కానీ అందులో ఖాళీ లేదు.)

షిఫ్టు మారిందనీ, కొళాయి నీళ్లు ఆలస్యమనీ, తప్పిపోయిన పిల్ల క్యాంటీనులో వడ తింటోందనీ మైకులో చెప్పడం అతని పని. కార్మికులు కాపురముండే లైన్లలో స్తంభాలకు కట్టిన హారన్లు ఆ కబుర్లను ఇంటింటికీ చేర్చేవి. ఒక హారను మాత్రం పొరపాటున డైరెక్టరు బంగళా వైపు తిరిగి ఉండేది. దాన్ని సరిచేయడం ఎవరి పనో తేలక అది అలాగే ఉండిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం మాత్రం యేసుదాస్ వేరే మనిషి. గోడౌను వెనక మైదానంలో మిల్లు కుర్రాళ్లు చెడుగుడు (వాళ్ల నోట సడుగుడు) ఆడేవాళ్లు. కూతకు వెళ్లినవాడు ఊపిరి బిగబట్టి, అవతలి జట్టును తాకి, ఊపిరి తెగకముందే గీత దాటి వెనక్కి రావాలి. వాడు గీత దాటగానే యేసుదాస్ కూడా మైకు ముందు ఊపిరి బిగబట్టేవాడు. వాడు తిరిగి వచ్చేదాకా ఆటంతా ఒక్క గుక్కలో చెప్పేవాడు. ఆడలేని మనిషికి అదే ఆట. కూత ముగిశాక హారన్లలో పెద్ద దగ్గు వినిపించేది. ఆ దగ్గు వినగానే కొళాయి దగ్గర బిందెలతో నిలబడ్డ ఆడవాళ్లు హమ్మయ్య అనుకునేవాళ్లు: తమవాడు క్షేమంగా తిరిగొచ్చాడు.

ఇలా ఉండగా డైరెక్టరు కృష్ణరాజ్ కొత్త యంత్రాలు చూసి రావడానికి బొంబాయి వెళ్లాడు. యంత్రాలు నచ్చలేదు. క్రికెట్టు నచ్చింది. తిరిగి వచ్చిన వారంలోపే ఆఫీసర్లతో ఒక జట్టు తయారైంది, ఆఫీసర్ల క్లబ్బు పక్కన పచ్చిక తయారైంది, కార్మికుల సంక్షేమం కోసం ఆ ఆటను ప్రతి ఆదివారం మైకులో వినిపించాలన్న ఆజ్ఞ కూడా తయారైంది. చెడుగుడు ఫలితాన్ని చివర్లో ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. (సమయం మిగిలితే. క్రికెట్టులో సమయం మిగలడమన్నది ఎవరూ ఇంతవరకు చూడలేదు.)

యేసుదాస్ తువ్వాలు భుజం మీంచి తీసి చేతిలో పట్టుకుని వెల్ఫేర్ ఆఫీసరు గదికి వెళ్లాడు.

"సార్, సడుగుడు చెప్పకూడదంటే ఎట్లాంగ? లైన్లలో అందరూ కాసుకోనుంటారు."

అళగిరిసామి చెడ్డవాడు కాడు. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. "యేసుదాస్, ఆటంటే ఏమి?"

"ఆడేది, సార్."

"అది తప్పు. ఆటకు సామాను ఉండాల. సామానుంటే స్టోర్సులో ఎంట్రీ ఉంటాది. ఎంట్రీ ఉంటేనే ఆ ఆట ఉండాదని ఆఫీసుకు తెలిసేది. మీ సడుగుడుకు ఏమి సామాను కావాల?"

యేసుదాస్ నిజాయితీగా ఆలోచించాడు. "ఊపిరి, సార్."

"అది స్టోర్సులో ఉండాదా?"

"లేదుంగ."

"చూస్తివా మరి!" అన్నాడు అళగిరిసామి, పిల్లవాడికి లెక్క అర్థమైనందుకు సంతోషించే పంతులులా.

(ఆయన మాట అక్షరాలా నిజం. ఆ మిల్లులో ఊపిరికి ఖర్చే గానీ జమ లేదు.)

మరుసటి ఆదివారం యేసుదాస్ క్లబ్బు ప్రహరీ పక్కన వేసిన ఎత్తు బల్ల మీద, మైకు ముందు కూర్చున్నాడు. క్రికెట్టు అతను అదే మొదటిసారి చూడటం. చూసింది చూసినట్టు చెప్పడం అతని వృత్తిధర్మం కాబట్టి అలాగే చెప్పాడు:

"ఇప్పుడు చెండు వేసే ఆయన ఎనిక్కి నడిచి పోతాండాడు. ఇంగా పోతాండాడు. నిలబడినాడు. పరిగెత్తి వచ్చినాడు. వేసినాడు. కొట్టే ఆయన కొట్టలేదు. అందరూ క్షేమం. ఇప్పుడు మళ్లా ఎనిక్కి నడిచి పోతాండాడు."

లైన్లలో పసిపిల్లలు నిద్రపోయారు. తల్లులు మొదట సంతోషించారు. కాసేపటికి వాళ్లూ నిద్రపోయారు. యేసుదాస్ భార్య సౌందరం బియ్యంలో రాళ్లు ఏరుతూ చేట ఒడిలో పెట్టుకునే కునికింది.

సాయంత్రం డైరెక్టరు కృష్ణరాజే బ్యాటు పట్టుకుని దిగాడు. సరిగ్గా అప్పుడే ప్రహరీకి అవతల చెడుగుడు మైదానం యేసుదాస్ కంట పడింది. ఉడుమలైపేట నుంచి వచ్చిన జట్టుతో ఆట. మనవాళ్లంతా ఔటయి కరుప్పుసామి ఒక్కడే మిగిలాడు. వాడిపట్టి నుంచి వచ్చి బ్లో రూములో దూది దులిపే కుర్రాడు అతను. చెడుగుడులో మిల్లుకు అతన్ని మించినవాడు లేడు. అతను వంగి గీతను తాకి, ఆ మట్టి నొసట రాసుకున్నాడు.

"డైరెక్టరయ్య బ్యాటు పట్టుకోని నిలబడుండారు," అన్నాడు యేసుదాస్ మైకులో. "నిలబడే ఉండారు. ఇంగా నిలబడే..."

అక్కడ అతనికి మాట ఆగింది. చూడకూడదనే అనుకున్నాడు. కానీ కరుప్పుసామి గీత దాటాడు, అతని రొమ్ము అతన్ని అడగకుండానే బిగుసుకుంది.

"కరుప్పుసామి కూతకు పోయినాడు పోయినాడు ఎడమకు తిరిగినాడు ఒకణ్ణి తాకినాడు ఇంగొకణ్ణి తాకినాడు కాలు పట్టుకున్నారు నలుగురు మీద పడినారు ఈడుస్తాండాడు నలుగుర్నీ ఈడ్చుకోని వస్తాండాడు చెయ్యి చాపినాడు గీత గీత గీత... తాకినాడు!"

తర్వాత దగ్గు.

లైన్లన్నీ ఒక్కసారిగా లేచాయి. చేటలు మోగాయి, బిందెలు మోగాయి, ఈలలు ఆకాశాన్నంటాయి. ఆ హోరు తన కోసమేననుకుని కృష్ణరాజ్ ముచ్చటపడి, లైన్ల వైపు తిరిగి టోపీ ఎత్తాడు. అప్పటికే బయల్దేరిన బంతి వచ్చి వికెట్లను పడగొట్టింది.

సోమవారం విచారణ జరిగింది. నేరం: బంతి గల ఆటలోకి బంతి లేని ఆటను అక్రమంగా ప్రవేశపెట్టుట. దీనికి శిక్ష నిబంధనల్లో లేదు (వాటిని రాసినవాళ్లు ఇంత ఘోరాన్ని ఊహించలేదు). అందుకని అళగిరిసామి కొత్తగా ఆలోచించి, దయతోనే, ఒక మార్గం చూపించాడు. యేసుదాస్ మైకులో "సడుగుడు ఆట కాదు" అని ఒక్కసారి చెబితే చాలు. చెప్పకపోతే తిరిగి కార్డింగుకు.

"ఒక్క మాటయ్యా. చెప్పేస్తే పోయె. ఎవురికీ నష్టం లేదు గదా," అన్నాడు.

యేసుదాస్ చాలాసేపు తువ్వాలు మడతపెట్టాడు, విప్పాడు. "సార్, షిఫ్టు మారిందని చెప్పమంటే చెప్తా. నీళ్లు రావని చెప్పమంటే చెప్తా. అవి నిజం. ఇది చెప్తిననుకోండి, రేపు నీళ్లు వస్తాండాయని నేను చెప్పినా ఎవురూ బిందె ఎత్తరు."

"అయితే కార్డింగే."

"సరింగ," అన్నాడు యేసుదాస్.

ఆ సాయంత్రమంతా సౌందరం అతన్ని తిట్టింది. ఊళ్లో ఇంతమంది మగవాళ్లుండగా నిజం చెప్పే పని నీకే దొరికిందా అంది. నీకేమన్నా అయితే సడుగుడు వచ్చి గంజి కాస్తుందా అంది. చెప్పులేసుకుని, నేనే పోయి చెప్తాను ఆ ఒక్క మాట, మైకు యాడుండాది అని వాకిలిదాకా వెళ్లింది. వాకిట్లో కరుప్పుసామి, మరో పదిమంది కుర్రాళ్లూ తలలు వంచుకుని నిలబడి ఉన్నారు. వాళ్లను చూసి వెనక్కి వచ్చి పొయ్యి రాజేసింది. తెల్లారి అతను పనికి బయల్దేరుతుంటే పాత చీర చింపిన గుడ్డ నీళ్లలో తడిపి ముక్కుకూ నోటికీ తనే కట్టింది. ముడి గట్టిగా వేసింది.

కార్డింగులో దూది నుసి పాత చుట్టంలా అతన్ని గుర్తుపట్టి అక్కున చేర్చుకుంది. గుడ్డ మధ్యాహ్నానికే తెల్లగా అట్ట కట్టేది. కరుప్పుసామి తన షిఫ్టు అయ్యాక వచ్చి, సూపర్‌వైజరు అటు తిరగగానే అతని పని తను చేసేవాడు. మైకు గదిలో ఒక గుమాస్తాను కూర్చోబెట్టారు. ఆయన నడిచి వెళ్లడం, నడిచి రావడం లాంటివి వదిలేసి, బంతి పడ్డప్పుడల్లా "నో రన్" అని మాత్రమే చెప్పేవాడు. ఆదివారమంతా లైన్లలో "నో రన్" అని వినిపించేది. చెడుగుడు మైదానంలో ఎవరూ ఆడలేదు. చెప్పేవాడు లేని ఆటకు కరుప్పుసామి దిగనన్నాడు.

ఈ అన్యాయాన్ని యూనియను పట్టించుకుంది. కమిటీ వేసింది. కమిటీకి ఉపకమిటీ వేసింది. ఉపకమిటీ కూర్చోవడానికి గది దొరికేలోపల బంగళాలో రంగమ్మాళ్ కొడుకును పిలిపించింది.

రంగమ్మాళ్ డైరెక్టరు తల్లి. బయటికి వచ్చేది తక్కువ. పొరపాటున బంగళా వైపు తిరిగిన ఆ హారను కిందే, వరండాలో, ఆదివారం మధ్యాహ్నం ఆమె ఆకు వక్క వేసుకుంటూ కూర్చునేది.

"ఏమిరా కృష్ణా, ఆ దగ్గేవాడు యాడరా?"

"ఎవురు, అమ్మా?"

"మైకులో సడుగుడు చెప్పి దగ్గుతాడే, వాడు. ఇప్పుడెవుడో 'నో రన్, నో రన్' అని నస పెడతాండాడు. రన్ లేకుంటే ఏంటికిరా ఆడేది? ఇంటికి పోకూడదా?"

కృష్ణరాజ్ మిల్లు నిబంధనను వినయంగా వివరించాడు. "సడుగుడు ఆట కాదమ్మా. దానికి బంతి లేదు."

రంగమ్మాళ్ వక్క నమలడం ఆపింది. "ఇంత పెద్ద మిల్లు పెట్టుకోని, ఒక చెండు కొనిపెట్టలేవా?"

కార్మిక సంక్షేమ చరిత్రలో అంత త్వరగా అమలైన సిఫారసు మరొకటి లేదు. మంగళవారానికల్లా ఉత్తర్వు వచ్చింది: చెడుగుడు ఆటకు బంతి ఒకటి మంజూరు. యేసుదాస్‌ను మైకు గదికి తిరిగి పంపడమైనది. బంతిని ఆట జరుగుతున్నంతసేపు మైదానం అంచున ముక్కాలిపీట మీద ఉంచవలెను. ఆటగాళ్లు దాన్ని ముట్టరాదు. దాని స్థితిగతులను వ్యాఖ్యాత ఎప్పటికప్పుడు తెలియజేయవలెను.

ఆదివారం బంతి వచ్చింది. ఎర్రగా, కొత్తగా ఉంది. ఎండకు రంగు పోకుండా గొడుగు పట్టారు. (ఆటగాళ్లకు గొడుగు అడగగా, వాళ్లు స్టోర్సు సామాను కారని తేలింది.) కరుప్పుసామి గీతను తాకి మట్టి నొసట రాసుకున్నాడు. హారన్లలో ఆ గొంతు మళ్లీ పలికింది. మునుపటికన్నా బొంగురుగా ఉంది, గుక్క కొంచెం పొట్టిదైంది. కరుప్పుసామి అది గమనించి, ఆ రోజు ప్రతి కూతనూ తొందరగా ముగించుకుని వచ్చాడు.

"కరుప్పుసామి కూతకు పోయినాడు ఒకణ్ణి తాకినాడు ఎనిక్కి తిరిగినాడు చెండు ముక్కాలి మీద క్షేమం గీత దాటినాడు!"

దగ్గు వినపడింది. కొళాయి దగ్గర ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. సౌందరం మాత్రం కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని బిందె నిండి పొర్లుతున్నా చూసుకోలేదు.

ఆ ఏడాది మిల్లు జట్టు చుట్టుపక్కల మిల్లులన్నిటినీ ఓడించింది. ఒకసారి గాలికి బంతి పీట మీంచి దొర్లిపోతే, అలాంటప్పుడు ఏమి చేయాలో నిబంధన లేనందువల్ల, ఆట సాయంత్రం దాకా ఆగింది. అంతకుమించి ఆటంకాలు రాలేదు.

వార్షికోత్సవం నాడు పందిట్లో కార్మికులంతా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. వేదిక పక్కన మైకు ముందు యేసుదాస్. అతనికి ఇచ్చిన చీటీలో ఉన్నది ఉన్నట్టు చదివాడు: "సడుగుడు ఆటను మన మిల్లులో తొలిసారిగా ప్రవేశపెట్టినందుకు వెల్ఫేర్ ఆఫీసరు శ్రీ అళగిరిసామి నాయుడు గారికి పట్టు శాలువా."

అళగిరిసామి నిజంగానే కదిలిపోయాడు. కళ్లు తుడుచుకున్నాడు. డైరెక్టరు శాలువా కప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

వేదిక కింద మొదటి వరసలో కూర్చున్న కరుప్పుసామి మోకాళ్ల మీద లేచి, యేసుదాస్ దగ్గరికి వంగాడు.

"అణ్ణా, అయితే ఇన్నాళ్లూ మేము ఆడిందేంది?"

"ప్రాక్టీసు," అన్నాడు యేసుదాస్.