స్పీడ్ బ్రేకరుకు ఓ మనిషి కావలెను

క్వాత్రిమోతోలను తిట్టేవాళ్లకు కృతజ్ఞత లేదని నా గట్టి నమ్మకం. ఇసుకదిబ్బల మీద తోలడానికి చేసిన ఈ నాలుగు చక్రాల మోటారుసైకిళ్లు మా వీధిలోకి రాకముందు మాకేముంది? నిద్ర, నిశ్శబ్దం, ఆరేసిన బట్టలకు కాస్త తెలుపు. అవీ భాగ్యాలేనా?

ఇప్పుడు చూడండి! ఆదివారం కూడా చర్చి గడప తొక్కని మగవాళ్లు వీధి దాటే ముందు గ్వాదలూపే మాతను తలుచుకుంటున్నారు. మోకాళ్ల నొప్పులవాళ్లు గంతులేస్తున్నారు. ఏ డాక్టరు వేయించగలిగాడు? మా ఆయన పోయాక ఇంట్లో పలకరించే దిక్కు లేదని బెంగపడేదాన్ని. ఇప్పుడు కిటికీ తలుపులు రోజంతా గడగడా పలకరిస్తున్నాయి.

పోలీసులు పట్టించుకోరంటారా? అన్యాయం. మా వీధి మూలన ఉండే కానిస్టేబుల్ని నేనే అడిగాను.

"నంబరు ప్లేటే లేనిదానికి చలానా ఎలా రాయను, దోన్యా అమ్మగారూ? రూలు ప్రకారం అది బండే కాదు" అన్నాడు.

ఎంత ఊరట! మమ్మల్ని గుద్దబోయేది బండి కాదు.

ఈ సుఖం దక్కనిది ఒక్క దోన్ ఇలారియోకే. ఆయనకు చెవుడు. రోజూ పొద్దున్నే మరలో ఆడించిన మొక్కజొన్న పిండి బకెట్‌తో మోసుకుని, ఆ మూల దాటి తన రొట్టెల కొట్టుకు వస్తాడు. వెనక ఏం వస్తోందో ఆయనకు తెలియదు. అందుకని భార్య క్రెసెన్సియా మునిసిపల్ ఆఫీసుకు వెళ్లి ఒక స్పీడ్ బ్రేకర్ అడిగింది.

"అక్కడ ఎవరైనా పోయారా?" అన్నాడు గుమాస్తా.

"లేదు నాయనా."

"అయితే కుదరదమ్మా. ప్రాణం పోయినచోటే వేయాలి."

రోడ్డు మీద మనిషి పోయినచోట సిలువ నాటడం మా అలవాటు. ఎంత పోకిరీ అయినా దాన్ని చూస్తే వేగం తగ్గించి దణ్ణం పెట్టుకుంటాడు. క్రెసెన్సియా ఆ మూలన నీలం సిలువ ఒకటి నాటి, బంతిపూల దండ వేసింది. ఆ రోజు నుంచి బండ్లు కానివన్నీ నెమ్మదించాయి.

గుమాస్తా పరుగున వచ్చాడు. ఎవరూ పోకుండా సిలువ నాటడం రూలుకు విరుద్ధమట!

"దీనిమీద పేరేదమ్మా?"

"చోటు వదిలాం నాయనా. మా ఆయన రోజూ ఇటే దాటుతాడు. తొందరేముంది?"

పక్కనే ఉన్న దోన్ ఇలారియోకు ఒక్క ముక్కా వినపడలేదు. ఆఫీసువాళ్లు స్పీడ్ బ్రేకర్ వేయడానికే వచ్చారనుకుని, పెనం మీది వేడి రొట్టె తీసి గుమాస్తా చేతిలో పెట్టాడు. "చల్లగా ఉండు బాబూ" అన్నాడు.

గుమాస్తా రొట్టె తిని, చేతులు దులుపుకుని, సిలువ పీకి పట్టుకెళ్లాడు.