పదిహేడో సంతకం

"ఆపరేషన్‌కి సంతకం పెట్టిందెవరు?"

ప్రసూతి వార్డు మంచం మీంచి ఆ ప్రశ్న రాగానే సెక్షన్ ఆఫీసరు పెన్ను జేబులో పెట్టుకున్నాడు. అడిగింది భార్య. పిల్లలకు ఈత నేర్పే టీచరు. మునిగేవాళ్లను జుట్టు పట్టి పైకి లాగే చెయ్యి అది. ఇప్పుడు అతని కాలరు పట్టుకుని ఉంది.

"మామూలు కాన్పు అవుతుందని డాక్టరమ్మ పొద్దునే చెప్పింది. సరేనన్నాను. ఇప్పుడు నర్సొచ్చి, మీవాళ్లు ఆపరేషన్ కోరారు, అరగంటలో థియేటరుకి అంటోంది. నొప్పులు నావి, నిర్ణయం నాది. ఎవరో తేల్చండి."

"కాగితం ఏదీ?" అన్నాడు నర్సుతో.

"పైన థియేటరులో ఉంది. తెప్పిస్తాను."

వరండాలోకి వచ్చి లెక్క వేశాడు. ఆమె వెంట ఆసుపత్రికి వచ్చింది ముగ్గురు: తను, తల్లి, అత్తగారు. తనను లెక్కలోంచి కొట్టేశాడు. పొద్దున్నుంచీ వరండాలో కూర్చుని, ఆఫీసు నుంచి తెచ్చుకున్న పదహారు ఫైళ్లు ముగించాడు. ఎర్ర చీటీ అంటించిన చోటల్లా సంతకం, మొత్తం పదిహేడు. మధ్యలో తలెత్తితే ఒట్టు. అంత పనిలో ఉన్నవాడికి కుట్రకు తీరికెక్కడిది?

"అమ్మా, 'కోసేస్తే గంటలో అయిపోతుంది' అని నిన్న భోజనాల దగ్గర అన్నది నువ్వేగా?"

"అంటే సంతకం పెట్టేసినట్టేనా? నిన్ను కనడానికి రెండు రోజులు పట్టింది, అది గుర్తొచ్చి అన్నాను. కడుపులోనే పెండింగులో కూర్చున్నావు నువ్వు. అయినా మీ అత్తగారిని అడుగు. ఇందాక నర్సు చెవిలో ఏదో ఊదుతోంది."

"మంచినీళ్లెక్కడని అడిగాను వదినగారూ," అంది అత్తగారు, ఫ్లాస్కు సంచిలో పెట్టుకుంటూ. "నా కూతుర్ని నేనే కోయిస్తానా? అల్లుడుగారూ, ఆ లిఫ్టు ఎటో చూపించండి, వెళ్లిపోతాను."

"విచారణ పూర్తయ్యేదాకా ఎవరూ కదలకూడదు," అన్నాడు ఆఫీసరు. ఒక మందుల చీటీ తిరగేసి ఇద్దరినీ నమూనా సంతకాలు పెట్టమన్నాడు. తల్లి ముక్కు చీదుతూ పెట్టింది. ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పిన అత్తగారు, కోపంతో వేలిముద్ర వేసింది. ఆ గొడవకు కాపలాదారు వచ్చాడు. వచ్చినవాణ్ణి ఆఫీసరు సాక్షిగా నిలబెట్టాడు.

అంతలో లోపలి నుంచి పెద్ద కేక. నర్సు పరుగున వెళ్లి తలుపు మూసింది. వెనకే డాక్టరు. వరండాలో నలుగురూ గోడకు కొట్టిన మేకుల్లా నిలబడిపోయారు. చాలాసేపటికి మరో గొంతు వినబడింది. సన్నగా, మహా కోపంగా.

డాక్టరు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఆడపిల్ల. మామూలు కాన్పే. ఇద్దరూ క్షేమం. మీ విచారణ అయ్యేదాకా ఆగలేదు పాపం. అయినా ఆవిణ్ణి అడక్కుండా నేను కత్తి పట్టుకుంటానా?"

సరిగ్గా అప్పుడే పైనుంచి కాగితం దిగింది. అత్తగారే అందుకుంది.

అందులో రెండు గడులు. మొదటిది మామూలు కాన్పు, రెండోది ఆపరేషన్. రెండోదాంట్లో టిక్కు. సంతకం చోట నర్సు అంటించిన ఎర్ర చీటీ. దాని పక్కన సంతకం, కింద గుండ్రటి అక్షరాలు: "ఆమోదించడమైనది. జాప్యం లేకుండా అమలు చేయగలరు."

"మీ ఫైళ్ల మీదే పెట్టాను కదండీ," అంది నర్సు. "చదివి పెట్టమన్నాను. తలూపారు."

ఆఫీసరు కాగితం మీదికి వంగాడు. "మా ఆఫీసు కాగితాల్లో మొదటి గడి తిరస్కరణ," అన్నాడు మెల్లగా. "రెండోది ఆమోదం. చెయ్యి దానంతటదే..."

తెరిచిన తలుపులోంచి నీరసంగానే అయినా స్పష్టంగా వినబడింది. "దొరికారా?"

అత్తగారు కళ్లజోడు సర్దుకుని, కాగితాన్ని చివరిదాకా చదివింది.

"దొరికారమ్మా. మీ ఆయనే. తేదీతో సహా అన్నీ పద్ధతిగా ఉన్నాయి, ఆఫీసు ముద్ర ఒక్కటే తక్కువ."