ముప్పై ఒకటో తారీఖు, అడవి కుక్కలు

తెలుగువారి సంఘటిత శక్తికి తార్కాణంగా, 1984 మార్చి 31, శనివారం నాడు టెక్సాస్ రాష్ట్రంలోని ఒక వన్యమృగ రక్షణ కేంద్రంలో ఆఫ్రికా అడవి కుక్కల పరిశీలనా కార్యక్రమం దిగ్విజయంగా జరిగిందని తెలియజేయడానికి మిక్కిలి సంతోషిస్తున్నాము. మా సభ్యులెవరూ కుక్కలను పరిశీలించలేదన్నది చాలా చిన్న విషయం. దాన్ని పట్టుకుని వేళ్ళాడేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు.

నేను అక్కడి ఇర్వింగ్ ఊరి తెలుగు సమైక్య సంఘానికి ప్రచార కార్యదర్శిని. జరిగింది జరిగినట్టు రాసి, కార్యవర్గం చెప్పిన చోటల్లా మార్చడం నా విధి. దీన్ని కార్యవర్గం ఇంకా చూడలేదు. కాబట్టి కాస్త త్వరగా చదివేయండి.

తిరుపతి వెటర్నరీ కాలేజీలో చదివి, పరిశోధనకని వచ్చిన నళిని అనే అమ్మాయి ఆ కేంద్రంలో అడవి కుక్కల వెంట తిరుగుతోంది. కుక్కల మెడలకు రేడియో కాలర్లు కట్టి, జీపు మీద ఏంటెన్నా పెట్టుకుని, అవి ఎక్కడెక్కడ తిరుగుతున్నాయో రోజంతా వింటూ ఉంటుంది. ఇంజనీర్లూ డాక్టర్లూ ఉన్న సంఘంలో కుక్కల వెంట తిరిగే పిల్లను ఏమని పరిచయం చేస్తాం? "ఏదో చదువుకుంటోంది లెండి" అని సర్దుకుపోయేవాళ్ళం.

ఆ అమ్మాయికి ఒక కష్టం వచ్చింది. గుంపులో ఒక ముసలి కుక్క వెనక కాలు పడిపోయి, బొరియ దగ్గరే కూలబడింది. గుంపు పట్టించుకోని జంతువును మేపడం దండగనీ, సోమవారం దానికి ఆఖరి ఇంజక్షను ఇచ్చేస్తామనీ మేనేజరు చెప్పాడు. గుంపు దాన్ని వదిలేయలేదనీ, మైదానం ఆ చివర తిన్న మాంసాన్ని తిరిగొచ్చి దాని ముందు కక్కి మరీ తినిపిస్తున్నాయనీ నళిని మొత్తుకుంది. "నీకు ఆ కుక్కంటే ముద్దు, నీ మాట చెల్లదు. సంబంధం లేని సాక్షిని తీసుకురా" అన్నాడు మేనేజరు. ఆ అమ్మాయేమో జీపులో గుంపు వెంట వెళ్ళాలి. బొరియ దగ్గర కంచె ఇవతల కూర్చుని చూసే మనిషి కావాలి.

మా సమావేశానికి వచ్చి అడిగింది. "అంకుల్, నోరు మెదపకుండా ఒక పూట కూర్చోగలిగే ఇద్దరుంటే చాలు. ప్లీజ్. దాని ప్రాణం పోతుంది."

అలాంటివాళ్ళు ఇద్దరు మా సంఘంలో దొరకలేదు. అందుకని అందరం వెళ్ళాం.

హైవే పొడుగునా నీలిపూలు విరగబూసి ఉన్నాయి. మేం కార్ల అద్దాలు ఎక్కించుకుని, ఎవరి ఇంటి విలువ ఎంత పెరిగిందో చెప్పుకుంటూ వెళ్ళాం. పులిహోర, పెరుగన్నం, మైకు సెట్టు, బ్యానరు, శాలువాలు అన్నీ తీసుకెళ్ళాం. బైనాక్యులర్లు మాత్రం రెండే. ఎండుగడ్డిలో దీపం వెలిగించకూడదన్నారు గనక జ్యోతి ప్రజ్వలనకు బదులు బ్యాటరీ లైటు నొక్కాం. చప్పట్లు మోగాయి. బొరియ దగ్గర పడుకున్న ముసలి కుక్క చేటంత చెవులు ఎత్తి ఒకసారి చూసి, మళ్ళీ వాల్చేసింది.

అధ్యక్షులు శ్రీ ఉమామహేశ్వరరావు గారు ప్రసంగించారు. "సోదర సోదరీమణులారా! ఈ శునకాలను చూసి మనం నేర్చుకోవలసింది ఏమీ లేదు. మనల్ని చూసి అవి నేర్చుకోవాలి! సమైక్యత అంటే ఏమిటో, పెద్దలను గౌరవించడం అంటే ఏమిటో ఈ గడ్డ మీద చాటిచెప్పిన జాతి మనది!" నళిని రెండు చేతులూ జోడించింది. నమస్కారం అనుకున్నాం. మైకు ఆపమని బతిమాలుతోందని తర్వాత తెలిసింది.

పెద్దలంటే గుర్తొచ్చింది. అధ్యక్షుల వారి తండ్రి తిరుపతయ్య గారు కూడా వచ్చారు. కాజీపేటలో రైల్వే గార్డుగా చేసి రిటైరైన మనిషి. మోకాళ్ళు పట్టేశాయి, కర్ర లేనిదే లేవలేరు. ఒక నెల కొడుకు ఇంట్లో, ఒక నెల కూతురు రాధారాణి ఇంట్లో ఉంటారు. ఒకటో తారీఖున పెట్టె ఒక కారులోంచి ఇంకో కారులోకి మారుతుంది. ఇరువైపులా ఎంత క్రమశిక్షణో చూడండి! పెద్దాయన ఫోటోలకు అడ్డం రాకుండా కంచె పక్కన నీడలో మడత కుర్చీ వేసి కూర్చోబెట్టాం.

బైనాక్యులర్లు ముందు ఎవరు పట్టుకోవాలన్న దగ్గర చిన్న అభిప్రాయభేదం వచ్చింది. పట్టుకున్నవారి ఫోటో సావనీర్ అట్ట మీద పడుతుంది మరి. అధ్యక్షులవారు ఒక జత తీసుకున్నారు. రెండో జతను ఉపాధ్యక్షులు, అంటే అధ్యక్షులవారి చెల్లెలి మొగుడు, శ్రీ జగన్మోహన్ గారు లాక్కున్నారు. అయిదు నిమిషాల్లో పోటీ పరిశీలక సంఘం ఏర్పడింది. ఆశ్చర్యం ఏమిటంటే, దాని బ్యానరు అచ్చయి ఆయన డిక్కీలో సిద్ధంగా ఉంది. సగం జనం చెట్టుకు అటు వెళ్ళారు.

నళిని జీపెక్కి గుంపు వెంట వెళ్ళాక, ఇక పరిశీలన నిర్విఘ్నంగా సాగింది. వాళ్ళు మా మీదా, మేం వాళ్ళ మీదా బైనాక్యులర్లు పెట్టుకుని కూర్చున్నాం. మా గోంగూర పచ్చడి సీసా వాళ్ళ వైపు ఉందని కనిపెట్టాం. మా వర్గం శశికళ గారు వాళ్ళ వర్గంలో నవ్వుతూ కనిపించారు. ఇంతలో గుంపు తిరిగొచ్చిందట, మా వీపుల వెనక. "డాడీ, డాగ్స్ వచ్చినయ్!" అని పిల్లలు అరిచారు. "ఉండమ్మా, పెద్దవాళ్ళం మాట్లాడుకుంటున్నాం" అన్నాం. కాసేపటికి అవతలి వర్గం వాళ్ళు నిరసనగా వాకౌట్ చేశారు. వాళ్ళ వాకౌట్‌కు నిరసనగా మేం వాకౌట్ చేశాం. కార్లు దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోయాయి.

దారిలో ఉన్నది ఒకటే గ్యాస్ స్టేషన్ కాబట్టి ఉభయ వర్గాలూ అక్కడే ఆగవలసి వచ్చింది. రాధారాణి గారు నీళ్ళ సీసా పట్టుకుని అన్నగారి కారు దగ్గరికి వచ్చారు.

"అన్నయ్యా, నాన్నకి బీపీ టాబ్లెట్ వెయ్యాలి. డోర్ తియ్."

"నాన్న మీ కార్‌లో కదా?"

ఆవిడ చేతిలో సీసా కింద పడింది. "అయ్యో నాన్నా!" అంటూ అక్కడే చతికిలబడి ఏడ్చింది. మా కళ్ళు కూడా చెమర్చేవే గానీ, ఇంతలో చర్చ మొదలైంది.

"బావా, ఇది మరీ టూ మచ్. రేపటినుంచి మీ టర్న్. పిక్నిక్ నుంచి డైరెక్ట్‌గా మీ ఇంటికే అనుకున్నా. సూట్‌కేస్ కూడా డిక్కీలో పెట్టుకొచ్చా" అన్నారు అధ్యక్షులు.

"మంత్ ఎండ్ అంటే మిడ్‌నైట్ బావా. మార్చికి ముప్పై ఒక్క రోజులు. క్యాలెండర్ చూసుకో" అన్నారు ఉపాధ్యక్షులు.

ఎవరి వాదనలోనూ తప్పు పట్టడానికి లేదు. రాధారాణి గారు కారు తిప్పేయడంతో మేమూ వెనక్కి తిప్పాం.

పొద్దు వాలుతుండగా చేరాం. పెద్దాయన అదే కుర్చీలో ఉన్నారు. పక్కన నళిని నిలబడి ఉంది. హ్యాటు చేతిలో పట్టుకుని మేనేజరు గొంతుక్కూర్చున్నాడు. కంచె లోపల మచ్చల కుక్కలు వరసగా కూర్చుని ఆయన్నే చూస్తున్నాయి. ముసలి కుక్క వాటి మధ్యలో మూతి నాక్కుంటోంది.

రాధారాణి గారు పరిగెత్తుకెళ్ళి కాళ్ళు పట్టుకున్నారు. ఆయన ఆవిడ తల నిమిరి, నళినితో అన్నారు, "గార్డు ఎక్కకముందే బండి పోయింది బిడ్డా. నా సర్వీసుల ఎన్నడు చూడలే."

"వీళ్ళకి కూడా చెప్పండి తాతగారూ, ఏం చూశారో."

"ఏమున్నది? ఒక్కొక్కటే వచ్చి గా కుంటిదానికి కక్కి పెట్టినయ్. అది తిన్నంక ఒకటి నా దిక్కు చూసింది. నేను గూడ ఒక్కన్నే ఉన్న గద. కంచె కాడికొచ్చి నాకు గూడ ఇంత కక్కింది. నేను శాకాహారిని తల్లీ అని దండం పెట్టిన. దానికి తెలుగు రాదాయె."

నళిని అదంతా మేనేజరుకు ఇంగ్లీషులో చెప్తూ నవ్వబోయి ఏడ్చేసింది. కంచె కింద మాంసం ముద్ద నిజంగానే ఉంది. మేనేజరు దాన్ని చూసి లేచాడు. గుంపు పోషిస్తున్న జంతువు గుంపుతోనే ఉంటుందనీ, సోమవారం ఇంజక్షను రద్దనీ ప్రకటించాడు. అప్పుడు పెద్దాయన వైపు చూపించి, మర్యాదగానే, మమ్మల్ని అడిగాడు. "మరి ఈయన ఏ గుంపు?"

ఇందాకటినుంచి ఒక్క మాట మీద నిలబడని మా రెండు వర్గాలూ అప్పుడు ఏకకంఠంతో జవాబిచ్చాయి. "వాళ్ళది" అని వేళ్ళు చూపించుకున్నాం. రాధారాణి గారు మాత్రం తండ్రి జబ్బ పట్టుకుని లేపుతున్నారు.

పెద్దాయన ఎవరి కారూ ఎక్కలేదు. నళిని జీపులో, ముందు సీట్లో, మా రెండు వర్గాల కార్ల మధ్య ఇర్వింగ్‌కు వచ్చారు. కూతురు వెనక సీట్లో కూర్చుంది. పెట్టె మాత్రం కొడుకు డిక్కీలోనే వచ్చింది.

ఇలాంటివి పునరావృతం కాకుండా ఉభయ వర్గాలూ మరుసటి వారమే సంయుక్త సమావేశం జరిపాయి. ఇండియానుంచి వచ్చే పెద్దలందరికీ, నళిని కుక్కలకు కట్టినట్టే, రేడియో కాలర్లు కట్టాలని తీర్మానించాయి. సంఘం చరిత్రలో ఏకగ్రీవంగా నెగ్గిన తీర్మానం అదొక్కటే. కాలరు మేమిస్తామంటే మేమిస్తామని పోటీలు పడ్డారు. దాని శబ్దం వినే రిసీవరు మా ఇంట్లో ఉంచుతామని మాత్రం ఒక్కరూ చెయ్యెత్తలేదు.

నవ్వుతున్నారా? నవ్వండి, నవ్వండి. ఇవాళ తారీఖెంతో, మీ నాన్నగారి పెట్టె ఎవరి డిక్కీలో ఉందో ఒకసారి చూసుకుని మరీ నవ్వండి.