మానవ వనరుల శాలువా

మా లంక పక్కన కృష్ణలో ఇసుక తవ్వే కంపెనీలో మానవ వనరుల మేనేజరుగా శ్రీ అభిషేక్ గారు సాధించిన ప్రగతిని అందరూ తెలుసుకోవలసి ఉన్నది. ఆయన చేరిననాడు అక్కడ వనరులు రెండు రకాలు: ఇసుక, మనుషులు. ఆయన కృషి వల్ల రెండూ తగ్గుతూ వచ్చాయి. హోదా ఒక్కటే పెరిగింది.

ఎంబీఏ చదివినా ఆయనకు ఊరి మర్యాద పోలేదు. పార పట్టినవాణ్ణి కూడా మావయ్యా అనేవారు. పొక్లెయిన్లు దిగాక కూలీలను పంపించేయమని యాజమాన్యం ఆదేశించింది. పొమ్మంటే గొడవలవుతాయి. ఆయన బాగా ఆలోచించి మన దివిసీమ ఆయువుపట్టు పట్టుకున్నారు. సన్మానం.

షామియానా, ఫ్లెక్సీ, పాస్టరు గారి ప్రార్థన, ఆ వెంటనే జ్యోతి ప్రజ్వలన. కూలీని భార్యతో సహా స్టేజీ ఎక్కించి, శాలువా కప్పి, "పెద్దిరాజు గారి సేవలు ఈ సంస్థ ఎన్నటికీ మరువదు" అని చెప్పి, రేపట్నుంచి రానక్కర్లేదనేవారు. మెడలో దండ పడ్డాక, చుట్టాలు ఫొటోలు తీస్తుండగా, కాదనే మగాడు దివిసీమలో ఇంకా పుట్టలేదు. దండం పెట్టి దిగిపోయేవాడు. కింద మాకు కోడి పలావు. ఆయనకు ప్రమోషను. ఉత్తమ మానవ సంబంధాలకు బందరులో అవార్డు కూడా ఇచ్చారు.

చివరికి పడవలో ఇసుక తోడే మోషే ఒక్కడు మిగిలాడు. కూతురు నిస్సీ నర్సింగు పూర్తయ్యేదాకా పని పోకూడదని అతని పట్టు. శాలువా కనిపిస్తే పడవ వెనక్కి తిప్పేవాడు. మేనేజరు గారే ఒడ్డుకు వెళ్లి బతిమాలారు.

"మావయ్యా, గౌరవం. కాదనకూడదు."

"నాకు చలేయట్లేదండి."

"చలికి కాదు మావయ్యా..."

"పెద్దిరాజుక్కూడా చలికి కప్పలేదు కదండీ. ఇప్పుడదే కప్పుకుని హైదరాబాదులో గేటు కాడ కాపలా కాస్తన్నాడు."

మేనేజరు గారు ఇక మోషేను అడగలేదు. నేరుగా అతని భార్య రాజకుమారిని ఆహ్వానించి, ఫ్లెక్సీ మీద ఆమె బొమ్మ పెద్దది వేయించారు.

"ఇన్నేళ్లు నీళ్లలో నానావు, ఒక్కసారి స్టేజీ ఎక్కితే అరిగిపోతావా? మా అన్నయ్యోళ్లు గుడివాడ నుంచి వస్తన్నారు," అందామె. మోషే ఓడిపోయాడు.

శాలువా పడింది. నిస్సీ చదువు సంగతి ఎవరూ ఎత్తలేదు, సభామర్యాద కాదు. అభిషేక్ గారు "మనిషి అక్కర్లేని తవ్వకంలో మనమే ప్రథములం" అని ఉపన్యసించారు. మేం చప్పట్లు కొట్టాం. అప్పుడు చైర్మన్ శోభనాద్రి గారు మైకు అందుకున్నారు. "మనుషులే లేని చోట మానవ వనరుల శాఖ దేనికండీ? ఈ ఘనత మన అభిషేక్ గారిదే!" అంటూ పళ్లెంలోంచి రెండో శాలువా తీశారు.

అభిషేక్ గారు ఏదో అనబోయారు. అప్పటికే దండ పడింది. కింద వాళ్లావిడ షీబా గారు మురిసిపోతూ ఫొటో తీస్తున్నారు. ఆయనా దండం పెట్టారు.

"చలేస్తందాండీ?" అని పక్కనుంచి మోషే మెల్లగా అడిగాడు.

పలావు బాగుంది.

మరో శుభవార్త. వచ్చే నెల కంపెనీవారు సాక్షాత్తూ కృష్ణమ్మకే సన్మానం తలపెట్టారు. ఇసుక పోయి మా బావుల్లో నీళ్లు ఉప్పెక్కినా, ఆమె సేవలు ఎన్నటికీ మరువరట. శాలువా ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా నేయిస్తున్నారు. భోజనాలున్నాయి. ఎప్పటిలాగే చప్పట్లకు మీరందరూ రావాలి.