నా ఎడమ చెవీ, మా తోడల్లుడి మందుల పెట్టే

ప్రతి కుటుంబంలోనూ హోమియోపతి చదవని హోమియో వైద్యుడు ఒకడు ఉండి తీరాలి. ఉంటే ఎంత అదృష్టమో లేనివాళ్లకు చెప్పినా అర్థం కాదు!

మాకు మా తోడల్లుడు ఉన్నాడు. ఉద్యోగం లిఫ్టుల తనిఖీ. వ్యసనం చక్కెర గోళీలు. ఎవరింటికి వెళ్లినా చంకలో ఓ చెక్కపెట్టె ఉంటుంది. దాన్ని చూడగానే చుట్టాలకు దగ్గు ఆగిపోతుంది. ఇంతకన్నా శక్తిమంతమైన వైద్యం ఎక్కడైనా ఉందా?

పోయిన వర్షాకాలంలో నాకు ఎడమ చెవి పోటు మొదలైంది. మా పాప బడి నుంచి రాగానే రహస్యాలన్నీ ఊదే చెవి అది. చెవి డాక్టరైతే ఏం చేస్తాడు? లోపలికి లైటు వేసి తొంగి చూస్తాడు. ఎంత సంస్కారం లేని పని! మా తోడల్లుడు చెవి వైపు కన్నెత్తి కూడా చూడలేదు. సోఫాలో కూర్చుని, లావుపాటి పుస్తకం తెరిచి, నా కళ్లలోకి చూశాడు.

"తమ్ముడూ, ఉరుములంటే భయమా?"

"లేదన్నయ్యా. చెవి పోటు."

"దాని సంగతి నాకొదిలెయ్. ఎవరైనా ఓదారిస్తే నీకు ఏడుపొస్తుందా, చిరాకొస్తుందా?"

మీరే చెప్పండి, పెళ్లయిన ఇన్నేళ్లలో ఈ ప్రశ్న మిమ్మల్ని ఎవరైనా అడిగారా?

మందు రోగానికి కాదు, మనిషికి ఇవ్వాలన్నది ఆయన సిద్ధాంతం. కాబట్టి ముందు నా స్వభావం తేలాలి. సాధువునన్నాను. మా ఆవిడ వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చేసింది.

"ఈయనా? తువ్వాలు తడిగా ఉంటే ఇల్లు పీకి పందిరేస్తారు. కోపిష్ఠి మందివ్వండి బావగారూ."

"కోపం కాదే, పిసినారితనం" అంది ఆయన పక్కనే కూర్చున్న వాళ్లావిడ, మా వదిన.

"నాన్నకి బల్లులంటే భయం పెదనాన్నా" అంది మా పాప.

చేతులెత్తించారు. కోపం గెలిచింది. గోళీల్ని చేత్తో ముట్టుకోకూడదట, సీసా మూతలోంచి నేరుగా నాలుక మీద వేసుకోవాలట. కాఫీ బంద్, ఉల్లిపాయ బంద్, టూత్‌పేస్టు బంద్. కాఫీ మానేసరికి నాకు నిజంగానే కోపం వచ్చింది. మందు సరిగ్గా ఎంచామని అందరూ సంబరపడ్డారు.

పోటు పెరిగింది. "శుభం, మందు పట్టింది" అన్నాడు. చీము కారింది. "చూశావా, లోపలిదంతా బయటికొచ్చేస్తోంది" అన్నాడు. మాటలు సరిగా వినిపించడం లేదన్నాను. అప్పుడు మాత్రం నొచ్చుకున్నాడు.

"నీ స్వభావం నా దగ్గర దాచావు తమ్ముడూ."

అలా నేను కోపిష్ఠి నుంచి పిసినారినయ్యాను, పిసినారి నుంచి పిరికివాణ్నయ్యాను. తప్పు మందు ప్రమాదమంటారు కొందరు తెలియనివాళ్లు. మందెక్కడైనా తప్పుతుందా? తప్పేది రోగే!

అలాగని ఆయన్ని అజాగ్రత్త మనిషి అనుకోకండి. మొన్న మా అపార్ట్‌మెంట్ లిఫ్టు కిర్రుమంది. అప్పటికప్పుడు ఆపించి, 'వాడరాదు' అని బోర్డు తగిలించి, మోటారు గది తాళం తీయించి, మసి చేతులతో లోపలికి దూరాడు. "పైపైన ఊహించకూడదు తమ్ముడూ, ప్రాణాలతో పని" అన్నాడు. లిఫ్టుకు ఉరుములంటే భయమేమో కనుక్కోలేదు.

చివరికి చెవి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. లైటు వేసి చూసి, ఇంతకాలం ఏం చేశారని అడిగింది.

"నా స్వభావం తేలుస్తున్నారండీ" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. పోయిన వినికిడి ఇక రాదని చెప్పింది.

పోతే పోయింది. లాభం చూడండి! ఇప్పుడు మా తోడల్లుడొస్తే నా ఎడమ పక్కనే కూర్చోబెట్టుకుంటాను. ఆయన అడుగుతుంటాడు, నేను తలూపుతుంటాను. మా బంధం ఇంత తీయగా ఎప్పుడూ లేదు.

ఇబ్బందల్లా మా పాపతోనే. అలవాటుకొద్దీ ఎడమ చెవిలోనే చెబుతుంది. వెచ్చగా ఊపిరి తగులుతుంది, మాట తగలదు. కుడి పక్కకు రమ్మనడానికి నాకు నోరు రావడం లేదు. చెబితే దానికి తెలిసిపోతుంది. నిన్న సాయంత్రం మెడ చుట్టూ చేతులేసి చాలాసేపు ఏదో చెప్పింది. చెప్పడం అయ్యాక ఎదురుగా వచ్చి నిలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఎవ్వరికీ చెప్పనని ఒట్టెయ్యి నాన్నా."

వేశాను. ఈ ఒట్టు తప్పడం నా వల్ల కాదు.