సాలెపురుగుల రక్షణకు పటిష్ఠమైన ఏర్పాట్లు

2022 మార్చి 22, మంగళవారం. ఉదయం ఆరు గంటల పది నిమిషాలు. ఉష్ణోగ్రత ఇరవై డిగ్రీలు, గాలిలో తేమ ఎనభై ఎనిమిది శాతం, పల్చని పొగమంచు. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లోని ఒక పైపుల కర్మాగారం వెనుక, మందు డబ్బా వీపున మోస్తూ నిలబడిన నెల్లూరు మీరా హుస్సేన్‌కు రెండు ఆదేశాలు అందాయి. ప్రపంచంలో మరెక్కడా లేని సాలెపురుగు ఈ గోడ వెనుక ఇసుకలోనే ఉన్నది గనుక, పదిగంటలకు దాని రక్షణకేంద్రాన్ని ప్రారంభించెదరు. ఆ సందర్భంగా ఆవరణమంతా పురుగుల మందు కొట్టవలెను.

రెండింటిపైనా సంతకం సిబ్బంది అధికారి ప్రమోద్‌దే. ఇందులో వింతేమీ లేదు. పెద్ద ముదీర్, అంటే మేనేజరు, వస్తున్నాడంటే కార్మికుల క్యాంపులో ముందుగా మందు కొట్టడం ఆచారం. ఆచారానికి మినహాయింపు రాయాలంటే ఆలోచించాలి. ఆలోచన ఆయన విధుల జాబితాలో లేదు.

నిజానికి ఆ జీవిని మొదట చూసినది మీరా హుస్సేనే. అది ఇసుకను దారంతో అల్లి బొరియకు మూత వేసుకుంటుంది. మంచుకు తడిసిన నేలలో పొడిగా మిగిలిన మూతలను అతడు పోల్చుకునేవాడు. పరిశోధకురాలు ఫైజాకు అలా నలభై ఒకటి చూపించాడు. శాస్త్రీయనామం మాత్రం, న్యాయంగానే, సంస్థ యజమాని పేరిట పెట్టారు.

"సార్, మందు కొడితే అయ్యన్నీ ఖలాస్. ఇంక దేన్ని కాపాడేది?"

"మీరా భాయ్, వచ్చేది పెద్దోళ్లు. సాలెపురుగు కనబడితే జడుసుకోరూ?" అన్నాడు ప్రమోద్.

"పండగ దానిదేగా సార్?"

"దాని బొమ్మ బోర్డు మీదుంది, చాల్లే. నీ వీసా కాగితం నా టేబుల్ మీదుంది, అది గుర్తుపెట్టుకో. యల్లా, కదులు!"

మీరా హుస్సేన్ వంటగదిలో, మంచాల కింద మందు కొట్టాడు. గోడ వెనుక మాత్రం ఉత్త నీళ్లు కొట్టాడు. ఇసుక తడిసింది. వాన కురిసిందనుకుని ఒక మగ సాలెపురుగు జతను వెతుక్కుంటూ బయలుదేరింది. "ప్రకృతి మన తల్లి! తల్లిని శుభ్రంగా ఉంచడం మన ధర్మం!" అని ప్రమోద్ ఉపన్యసిస్తుండగా అది ముఖ్య అతిథి బూటెక్కింది. అతిథి కుర్చీ ఎక్కాడు. ఎవరో సమయస్ఫూర్తి గలవారు ఆహ్వానపత్రికతో దాన్ని కొట్టి చంపారు. పత్రిక మీద దాని బొమ్మ ఎంతో సహజంగా అచ్చయింది.

విధినిర్వహణలో లోపం కింద మీరా హుస్సేన్ వీసా పొడిగించలేదు. వారంలోగా చెన్నై విమానం ఎక్కించారు. అతడి స్థానంలో వచ్చినవాడు ఆదేశాలను తు.చ. తప్పకుండా అమలుచేశాడు.

2025 జనవరిలో ఫైజా తిరిగివచ్చి మూడు రోజులు వెతికింది. ఒక్క సాలెపురుగూ కనబడలేదు. అదే వారాంతంలో మన తెలుగువాళ్లంతా దుబాయ్‌లోని దేరా ప్రాంతంలో ఒక హాలులో సభ చేసి, ప్రకృతి ప్రేమికుడని ప్రమోద్‌కు శాలువా కప్పారు. హాలు నిండిపోయి చాలామంది నిలబడే చప్పట్లు కొట్టారు.