చిరునామాల దొంగ

మధ్యాహ్నంలోగా క్లస్టరు నిలబెట్టి, భోజనానికి ఇంటికి పోవాలని ఇంజనీరు ఆ ఉదయం అనుకున్నాడు. క్లౌడ్‌లో కొన్ని యంత్రాలను ఒక జట్టుగా కట్టి పని చేయించడమే కుబెర్నెటిస్ క్లస్టరు. కొత్త నెట్‌వర్క్ వేయడానికి వీల్లేదు, ఆఫీసులో ఉన్న పాతదాంట్లోనే సర్దుకోవాలని మేనేజరు షరతు పెట్టింది. పని పూర్తయితే అతని ఉద్యోగం ఖాయం. లేకపోతే రేపటి నుంచి రానక్కర్లేదు.

చిక్కేమిటంటే ఆ నెట్‌వర్క్ చూసేది అతని బావమరిది. ఈ ఉద్యోగానికి సిఫారసు చేసిందీ అతనే. ఊరికే ఎవడూ మేలు చెయ్యడన్నది ఇంజనీరు సిద్ధాంతం. అత్తవారింట అతన్ని చాటుగా సి.ఐ.డి. అనేవారు. చాటుగా అంటున్న సంగతి కూడా అతను కనిపెట్టేశాడు.

మొదటి ప్రయత్నం విఫలమైంది. యంత్రాలు లేచాయి కానీ, నెట్‌వర్క్ దాటి బయటికి పోయే దారి లేక జట్టు కట్టలేదు.

"దారి మూసుంది బావా, నేనే మర్చిపోయా. తెరిచేశాలే, మళ్ళీ నొక్కు," అన్నాడు బావమరిది నవ్వుతూ.

మర్చిపోయాడట! ఆ నవ్వు ఇంజనీరుకు నచ్చలేదు. విఫలమైన క్లస్టరును తీసేయబోయి ఆగాడు. సాక్ష్యాన్ని చేతులారా ఎవరైనా చెరుపుకుంటారా? దాన్ని అలాగే ఉంచి రెండోది మొదలుపెట్టాడు. ఎవరి కన్నూ పడకుండా ఈ కొత్తదానికి 'పాతచెప్పులు' అని పేరు పెట్టాడు.

ఈసారి చిరునామాలు చాలవని తెర మీద వచ్చింది. వీధిలో ఇంటికో నంబరున్నట్టు, నెట్‌వర్క్‌లో యంత్రానికో చిరునామా ఉండాలి. ఇందాక చాలినవి ఇప్పుడెందుకు చాలవు? సాక్ష్యాన్ని మళ్ళీ భద్రపరిచి, మూడోదానికి 'విరిగినకుర్చీ' అని పేరు పెట్టాడు. చిరునామాలు ఇంకా తగ్గాయి.

భార్యకు ఫోన్ చేశాడు. "మీ తమ్ముడు నా చిరునామాలు మింగేస్తున్నాడు."

"వాడికి అన్నమే అరగదు. చిరునామాలు మింగుతాడా?"

"ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పడతాను చూడు."

"పట్టండి. పట్టుకుని ఇద్దరూ భోజనానికి రండి, వాడికీ వండాను."

ఈ మాటలు గదంతా పాకాయి. డేటాబేసు చూసే ఆవిడ ఎందుకైనా మంచిదని కొన్ని చిరునామాలు ముందుగానే బిగించిపెట్టుకుంది. ఆవిణ్ణి చూసి పక్కాయన కూడా అదే పని చేశాడు. కాసేపటికి ఒక్కటీ మిగల్లేదు. చిరునామా దొరక్క, ఖాతాదారులు బిల్లులు కట్టే పేజీ ఆగిపోయింది. మేనేజరు తన గదిలోంచి బయటికి వచ్చింది.

"ఏం జరుగుతోందిక్కడ?"

"దొంగతనం మేడమ్," అన్నాడు ఇంజనీరు. "ఎక్కువ చిరునామాలు ఎవరు పట్టుక్కూర్చున్నారో చూసి, వాళ్ళు లోపలికి రాకుండా తాళం వేయించండి. మనవాడని చూడొద్దు."

"మనవాడైనా?" అన్నాడు బావమరిది, తన తెర మీంచి చూపు తిప్పకుండా.

"మనవాడైతే మరీ!"

"ఇంకోసారి ఆలోచించుకో బావా."

"ఏం, భయమేస్తోందా?"

"వేసెయ్యండి," అంది మేనేజరు.

బావమరిది నిట్టూర్చి మీట నొక్కాడు. ఇంజనీరు తెర మీద ఉన్నదంతా మాయమై, 'మీకు ప్రవేశం లేదు' అన్న ఒక్క వాక్యం మిగిలింది.

బావమరిది తన తెరను అతని వైపు తిప్పాడు.

"విఫలమైనా సరే, తీసేసేదాకా క్లస్టరు చిరునామాలు వదలదు కదా బావా. ఈ పాతచెప్పులు, విరిగినకుర్చీ ఎందుకు దాచావు?"

"సాక్ష్యంగా," అన్నాడు ఇంజనీరు నేల చూపులు చూస్తూ.

బావమరిది ఆ పాత సామానంతా ఊడ్చేశాడు. తక్కినవాళ్ళు బిగించుకున్నవి వదిలేశారు. బిల్లుల పేజీ లేచింది. తాళం తీశాక ఇంజనీరు మళ్ళీ నొక్కితే క్లస్టరు బుద్ధిగా నిలబడింది.

"ఇతని మీద మీ సిఫారసు ఇంకా ఉన్నట్టేనా?" అని మేనేజరు అడిగింది.

బావమరిది తలూపాడు. "ఉంది మేడమ్."

"అయితే ఉద్యోగం ఖాయం," అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

ఇంతలో బావమరిది ఫోన్ మోగింది. "ఏరా, మీ బావకు దొంగ దొరికాడా?"

"దొరికాడక్కా. ఇద్దరం కలిసే వస్తున్నాం."

వీడు తనని ఇంత తేలిగ్గా ఎందుకు క్షమించాడా అని ఇంజనీరు దారి పొడుగునా ఆలోచిస్తూనే ఉన్నాడు.